తౌహీద్ కాలు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో తౌహీద్ గురించి ఎవరినడిగినా ముందు ఒకటే మాట చెప్పేవారు: ఆ పిల్లగాడి కాలు ఒక్కచోట నిలవదు. తింటుంటే ఆడుతుంది, బస్సులో కూర్చుంటే ఆడుతుంది, నమాజు వరుసలో మాత్రం బుద్ధిగా ఉండి, చెప్పులు తొడుక్కోగానే మళ్లీ మొదలు. వాళ్లమ్మ కుల్సుమ్ కంచం ముందు పెడుతూ మోకాలి మీద ఒక్కటిచ్చేది. "గా కాలుకు జెర ఆరాం ఇయ్యి బేటా, ఇల్లు కూలుతది" అనేది. అది నవ్వుతూ అనే మాటే. తర్వాత అదే కాలు గురించి లోకం కూసిన కూతలు చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. అయినా చెప్పాలి. చెప్పాల్సిన వాళ్లు నోరు కుట్టుకుని కూర్చున్నారు కాబట్టి చెప్పాలి.

తౌహీద్ తండ్రి మహబూబ్ పెళ్లి బరాత్‌లలో మర్ఫా వాయించేవాడు. డప్పులు, డోలు, బోర్లించిన బిందె. ఆ దెబ్బ మొదలైతే మోకాళ్ల నొప్పుల ముసలాయన కూడా భుజాలు ఎగరేయాల్సిందే. తౌహీద్ చేతులు అక్కడ తయారయ్యాయి. కాళ్లు మాత్రం ప్రెస్సుల షెడ్డులో తయారయ్యాయి. పదో తరగతి కాగానే ఆ షెడ్డులో చేరాడు. ఎయిర్ కూలర్ల రేకులు కత్తిరించి వంచే పని.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పొడుగు రేకు పని ఒక్కడితో కాదు. ఒకడు ప్రెస్సు ముందు నిలబడి రేకును అచ్చు మీద పెడతాడు, ఇంకొకడు పక్కన నిలబడి కాలితో పెడల్ తొక్కుతాడు. పెట్టినవాడు చేతులు వెనక్కి లాక్కుని "హా!" అని కేకేస్తాడు. ఆ కేక పడ్డాకే కాలు పడాలి. కేక లేకుండా తొక్కినవాడితో అక్కడ ఎవడూ కలిసి చాయ్ కూడా తాగడు. తౌహీద్ తొక్కేవాడు. పెట్టేవాడు ఆతిఫ్, తౌహీద్ ఖాలా కొడుకు. ఖాలా అంటే కుల్సుమ్‌కు సొంత చెల్లెలు జులేఖా. ఆ తల్లి గొంతే కొడుక్కి వచ్చింది. పది ప్రెస్సులు ఒక్కసారే దిగుతున్నా ఆతిఫ్ "హా" గేటు బయట చాయ్ బండి దాకా వినిపించేది.

ఇక బ్యాండు ఎట్లా పుట్టిందంటే, రామచంద్రాపురం రోడ్డు మీద ఒక బరాత్ వల్ల ట్రాఫిక్ ఆగిపోయింది. అందులో ఇరుక్కున్న కుర్రాడు కళ్యాణ్. తండ్రి నరసరాజు సర్కారు ఫ్యాక్టరీలో నౌకరీ కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. కొడుకు ఇంజనీరింగు చదువుతూ ఇరవై నాలుగ్గంటలూ గిటారు పట్టుకుని ఉంటాడు. కళ్యాణ్ బండి దిగి, జనాన్ని తోసుకుంటూ తౌహీద్ దగ్గరికొచ్చాడు.

"అన్నా, డ్రమ్స్ కొడతావా?"

"కొడుతున్న గదా, కనిపిస్తలేదా?"

"ఇది కాదన్నా, సెట్టు. కాళ్లతో కూడా కొట్టాలి."

"కాళ్లతోనా? పొద్దుగూకులు గదే చేస్తున్న" అన్నాడు తౌహీద్.

మెటల్‌కోర్ అంటే ఏమిటో కళ్యాణ్ ఫోనులో వినిపించాడు. ఒకడు గొంతు చించుకుని అరుస్తాడు. అంతలోనే తియ్యగా రాగం తీస్తాడు. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి, ఆగి ఆగి, గుండె మీద పడ్డట్టు దెబ్బలు పడతాయి. ఆ దెబ్బల చోటును బ్రేక్‌డౌన్ అంటారట. తౌహీద్‌కు మొదట నవ్వొచ్చింది, తర్వాత రాత్రి నిద్ర రాలేదు. ఇది తను రోజూ వింటున్న చప్పుడే, దీనికి పాట అని పేరు పెట్టొచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే. మర్నాడు ఆతిఫ్‌ను రెక్క పట్టి లాక్కొచ్చాడు. "వీడు అరుస్తడు" అన్నాడు. కళ్యాణ్ "ఏదీ, అరిచి చూపించు" అన్నాడు. ఆతిఫ్ అరిచాడు. వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి. ఆ పూటే ముగ్గురూ ఒక్కటయ్యారు.

సాయంత్రమైతే కాలువ దిక్కు నుంచి మందుల కంపెనీల వాసన వచ్చి గొంతులో కూర్చుంటుంది. అందుకే బ్యాండుకు 'ఘాటు' అని పేరు పెట్టాడు ఆతిఫ్. మొదటి పాట కూడా వాడే కట్టాడు: "గాలికి గేటు పాసు లేదు, వాసనకు వారం సెలవు లేదు." కర్దనూరులో పెద్దరాములు అనే ఆసామికి ఖాళీపడ్డ కోళ్ల షెడ్డు ఉంటే అందులో సాధన మొదలుపెట్టారు. పెద్దరాములు మొదటి రోజు గడప దగ్గర కూర్చుని అంతా విన్నాడు.

"పోరడు ఏడుస్తుండా, తిడుతుండా?"

"రెండూ తాతా" అన్నాడు తౌహీద్.

"గట్లయితే మంచిదే. కోళ్లయితే ఒట్టిగ ఏడ్శి సచ్చినయ్" అని లేచి వెళ్లిపోయాడు.

ప్రెస్సుల షెడ్డు కట్టుబాటును వాళ్లు పాటలోకీ తెచ్చుకున్నారు. బ్రేక్‌డౌన్‌కు ముందు అన్నీ ఆగిపోతాయి. తౌహీద్ రెండు పాదాలూ రెండు పెడళ్ల మీద గాల్లో నిలబడతాయి. ఆతిఫ్ "హా!" అంటేనే పడతాయి. జనం దీనికే పడి చచ్చేవారు. ఆతిఫ్ వాళ్లను ఊరించేవాడు. నీళ్లు తాగేవాడు, షూ లేసు కట్టుకునేవాడు. ఒకసారి స్టేజీ దిగి, ముందు వరుసలో ఎవరి చేతిలోదో సమోసా లాక్కుని, మొత్తం తిని, చేతులు తుడుచుకుని మరీ పైకొచ్చాడు. అంతసేపూ తౌహీద్ పాదాలు గాల్లోనే ఉన్నాయి. పిక్కలు వణికాయి గానీ పాదం దిగలేదు. ఒక్కనాడూ, ఒక్క పాటలోనూ కేకకు ముందు ఆ కాలు పడలేదు. ఆ మాట చూసిన వందల మంది చెప్పాలి.

అమీన్‌పూర్‌లో అపార్టుమెంటు వాళ్లు వినాయక చవితికి పిలిచి, రెండో పాటలోనే కరెంటు పీకేశారు. "బాబూ, ఇది ఫ్యామిలీస్ ఉండే చోటు" అన్నాడు సెక్రటరీ. "మేము గూడ ఫ్యామిలీల నుంచే వచ్చినం సార్" అన్నాడు ఆతిఫ్. అదే ముత్తంగిలో గోదాముల దగ్గర దసరా ఆయుధపూజకు వాయిస్తే, లారీ డ్రైవర్లు, హమాలీలు, బిహార్ నుంచి వచ్చిన కూలీలు అందరూ కలిసి "హా!" అని కేకేశారు. ఆ కేకకు మాత్రం తౌహీద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. హైదరాబాదు నుంచి కూడా పిలుపులు మొదలయ్యాయి.

అప్పుడొచ్చింది పాడు ఎండాకాలం. కూలర్ల సీజను, రెండు షిఫ్టులు, ఊపిరాడని పని. వాళ్ల ప్రెస్సు అరిగిపోయి, కాలు తీసేశాక కూడా అప్పుడప్పుడూ ఇంకో దెబ్బ దానంతటదే వేసేది. తౌహీద్ సూపర్‌వైజరు వెంకటేశం దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, మిషన్ డబుల్ కొడుతున్నది. ఎవరికన్న తగుల్తది."

"సీజన్ల మిషన్ ఇప్పుతమార? సేటు నన్ను ఇప్పుతడు. జెర సంభాలించుకోండ్రి."

మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే జవాబు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒక మధ్యాహ్నం ఆతిఫ్ "హా" అన్నాడు, తౌహీద్ తొక్కాడు, ప్రెస్సు దిగింది, లేచింది. తౌహీద్ కాలు తీసి నేల మీద పెట్టాడు. ఆతిఫ్ రేకు తీయడానికి చెయ్యి పెట్టాడు. ప్రెస్సు మళ్లీ దిగింది. ఆతిఫ్ కుడి చేతి రెండు వేళ్లు పోయాయి. అంత గొంతు ఉన్నవాడు, ఆ క్షణాన చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నారట. ఇక్కడ మద్దెల వాయించేవాడినే ఓడన్నారు. ఆతిఫ్‌ను ఆసుపత్రిలో చేర్చిన మర్నాటికల్లా వెంకటేశం వాడంతా చెప్పేశాడు: "రెండు కాళ్లతోని డబడబ కొట్టెటోడు, ఒక్క దెబ్బకు ఆగుతడా? పాట యాదికొచ్చింది, కాలు ఆడిచ్చిండు, పోరని ఏళ్లు వోయినయ్." ఎంత సులువుగా అతికిందో ఆ మాట! తౌహీద్ కాలు నిలవదని అందరికీ తెలుసు కదా. చాయ్ బండివాడు నమ్మాడు. మసీదు దగ్గర పెద్దలు నమ్మారు. హైదరాబాదులో పాటలు వినే చదువుకున్న కుర్రాళ్లు 'సింగర్ వేళ్లు నరికిన డ్రమ్మర్' అని ఫోనుల్లో జోకులు రాసుకున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

తౌహీద్‌కు ఒకటే ఆశ. ఆతిఫ్ ఇంటికొస్తాడు, నోరు తెరుస్తాడు, ఈ కూతలన్నీ ఆగుతాయి. ఆతిఫ్ ఇంటికొచ్చిన రోజు బంధువులంతా జులేఖా ఇంట్లో కూర్చున్నారు. తౌహీద్ గడప దాటీ దాటక ముందే జులేఖా లేచింది.

"వచ్చినవా? నీ కాలు ఇరిగిపోను! నీ డోలు పగిలిపోను! నా బిడ్డ చెయ్యి తిన్నవ్ గదరా!"

"ఖాలా, నేను తొక్కలే. వాణ్నే అడుగు. రెండోసారి వాడు హా అనలే, నేను తొక్కలే. చెప్పుర ఆతిఫ్."

ఆతిఫ్ కట్టు కట్టిన చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. "యాద్ లేదు భయ్యా" అన్నాడు. "పడ్డదేమో."

ఏమో! పడిందని అన్నా తౌహీద్ వాడి చెంప పగలగొట్టి తేల్చుకునేవాడు. ఆ 'ఏమో' దగ్గర ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటికొచ్చి కూర్చుంటే, కుల్సుమ్ పక్కనే కూర్చుని, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగింది. "సచ్ బోల్ బేటా. కదిలిందా?"

అమ్మ కూడా. అంతే, తౌహీద్‌కు లోపల ఏదో తెగిపోయింది. షెడ్డు మానేశాడు, ముత్తంగి గోదాములో సరుకు దించే పనికి కుదిరాడు. డ్రమ్స్ మీద గోనెపట్టా కప్పాడు. కోపం మాత్రం పోలేదు. సేటు మధుబాబు కారు రోడ్డు మీద కనిపిస్తే పళ్లు నూరేవాడు, ఆతిఫ్ పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. అన్నిటికన్నా ఎక్కువ కోపం తన కాలు మీదే. పడుకుని దాన్నే చూసుకునేవాడు. నిజంగా కదిలిందా? నేల మీద పెట్టాననుకున్నానా, పెట్టానా? ఇన్ని నోళ్లు ఒకే మాట అంటే మనిషికి తన కాలు మీద తనకే నమ్మకం పోతుంది. కంచం ముందు కూర్చున్నప్పుడు ఆ కాలు ఇప్పుడు కదిలేది కాదు. కుల్సుమ్ అది చూసి, ఇల్లు కూలినా బాగుండేదని వంటింట్లో ఏడ్చేది. అక్కాచెల్లెళ్లకు మాటలు పోయాయి. అటు ఆతిఫ్‌కు సేటు గేటు దగ్గర వాచ్‌మన్ నౌకరీ ఇచ్చాడు. మంచి సేటు అని అందరూ మెచ్చుకున్నారు కూడా!

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున కళ్యాణ్ గోదాముకు వచ్చి, ఏం చెప్పకుండా తౌహీద్‌ను బండెక్కించుకుని కర్దనూరు తీసుకెళ్లాడు. కోళ్ల షెడ్డులో డ్రమ్స్ మీద గోనెపట్టా తీసేసి ఉంది. మైకు దగ్గర ఆతిఫ్ ఉన్నాడు.

"ఏంది గిది?" అన్నాడు తౌహీద్. వెనక్కి తిరగబోతే కళ్యాణ్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క పాట. ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత మీరిద్దరూ కొట్టుకు చావండి, నాకేం సంబంధం లేదు. మీ మధ్య నేనెంత ఏడ్చానో మీకు తెలుసా అసలు?"

తౌహీద్ కూర్చున్నాడు. ఆతిఫ్‌ను చూడకుండా కొట్టాడు. ఏడాది కోపమంతా ఆ తోలు మీద పడింది. బ్రేక్‌డౌన్ ముందు అన్నీ ఆగాయి. తౌహీద్ పాదాలు గాల్లో నిలబడ్డాయి. ఆతిఫ్ కేక వెయ్యలేదు.

ఆతిఫ్ మూడు వేళ్ల చేత్తో మైకు పట్టుకుని తౌహీద్ కాళ్లనే చూస్తున్నాడు. తౌహీద్ పిక్కలు వణికాయి, తొడలు పట్టేశాయి, కళ్లలోకి చెమట దిగింది. పాదాలు మాత్రం దిగలేదు. ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. ఆతిఫ్ మొహం చిన్నపిల్లాడి మొహంలా నలిగిపోయింది.

"దించు భయ్యా."

"నువ్వు అనలే" అన్నాడు తౌహీద్ పళ్లు బిగించి.

ఆతిఫ్ మైకు వదిలేసి వచ్చి అతని కాళ్లు పట్టుకున్నాడు. "పడలే భయ్యా. నీ కాలు పడలే. నాకు ఆ దినమే తెల్సు. సేటు దవాఖానకొచ్చిండు. మిషన్ తప్పంటే షెడ్డుకు తాళం పడ్తది, అందరు రోడ్డు మీద పడ్తరు, నీకు గేటు కాడ నౌకరీ ఇస్త అన్నడు. నేను భయపడ్డ."

తౌహీద్‌కు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఆతిఫ్ కాలరు పట్టి గోడకు నొక్కాడు. "అమ్మ కూడ నన్ను నమ్మలేర! నా కాలును నేనే నమ్మలే! ఇన్ని దినాలు ఏడ వెట్టుకున్నవ్ గీ మాట?"

"రోజూ గేటు కాడ కూసుంట భయ్యా. ఇంక గట్లనే కొడుతున్నది గా మిషన్. ఒక్క హా ఇనిపిస్తది, రెండు దెబ్బలు ఇనిపిస్తయి. ఇన్నప్పుడల్ల చెయ్యి ఎనక్కి గుంజుకుంట."

తౌహీద్ కాలరు వదిలాడు. "నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా? పా, మీ అమ్మకు చెప్పు."

జులేఖా ఇంటి ముందు నీడలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇద్దరినీ కలిపి చూసి చెయ్యి ఆపింది. ఆతిఫ్ నిలబడే అంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. చేట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు తెల్సు బేటా. సేటు దవాఖానకొచ్చిన నాడు నేను గాడనే ఉన్న."

"తెల్సా?" తౌహీద్ ఒక అడుగు ముందుకేశాడు. "తెల్సి తిట్టినవా ఖాలా? అందరి ముందల? కాలు ఇరగ అని?"

"తిట్టకుంటె నా పాణం వోతుండె. నా బిడ్డ చెయ్యి వోయింది, ఎవర్నో ఒకర్ని తిట్టాలె గదా. సేటును తిడితే నౌకరీ వోతది, ఇల్లు వోతది. నిన్ను తిడితే ఏం వోతది? నువ్వు మనోనివే గదరా, ఏడికి వోతవ్?"

లోకంలో పేదవాళ్ల కోపమంతా ఇట్లాగే దారి తప్పుతోంది కాబోలు. ఖర్చు లేని చోట పడుతుంది. ఎక్కడ పడాలో అక్కడ మాత్రం సలాం కొడుతుంది.

"లే ఖాలా. చెప్పులు తొడుక్కో" అన్నాడు తౌహీద్. "నా మీద పారబోసిన తిట్లన్ని ఏరుకో. ఎవ్వనివి వానికి ఇచ్చొద్దాం పా."

జులేఖాను, ఆతిఫ్‌ను ఎక్కించుకున్న ఆటో ముందు కుల్సుమ్ ఇంటి దగ్గర ఆగింది. విషయం విని కుల్సుమ్ బయటికొచ్చి, ముందు చెల్లెలి చెంప మీద ఫెళ్లున ఒక్కటిచ్చింది. తర్వాత కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "నేను అడగొద్దుండె బేటా" అంది. తర్వాత ఆటోలో ఎక్కి, చెల్లెలికి పక్కన జరిగి చోటిచ్చింది.

సీజను కాబట్టి ఆదివారం కూడా షెడ్డు నడుస్తోంది. గేటు దగ్గర జులేఖా నోరు విప్పింది. కొడుకు గొంతు ఎవరిదో ఆనాడు వీధి వీధంతటికీ తెలిసింది. వెంకటేశం పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, జెర ధీరే. ఆతిఫ్, మీ అమ్మను తీస్కపో. నౌకరీ ఉండాల్నా, వద్దా?"

ఆతిఫ్ తౌహీద్ వైపు చూశాడు. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాడు.

"భయ్యా కాలు పడలే! మిషనే రెండోసారి కొట్టింది! గా మిషన్ మీద ఇప్పుడు ఎవరున్నరో, చేతులు తియ్యుండ్రి!"

రెండోసారి అరిచాడు. మూడోసారి హిందీలో అరిచాడు. లోపల ఒక ప్రెస్సు ఆగింది. తర్వాత దాని పక్కది. వెంకటేశం వెనక్కి తిరిగి "ఎవడ్రా ఆపింది?" అని గద్దించాడు. ఒక్కొక్కటిగా మిగతావీ ఆగిపోయాయి. భోజనాల గంటకు ఇంకా చాలా టైముంది. ఆపమని ఎవరూ చెప్పలేదు.